కళ్ళజోడు మీద ఊపిరి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా అత్తయ్య అంటుంది, మా ఆయన అంటాడు, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు యజమాని అయితే కస్టమర్లకి ముందే చెప్పి జాగ్రత్తపడమంటారు. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ ఈ ఏడాది నా కోపానికి గట్టి కారణమే ఉంది.

మా ఆయన లిఫ్టు మెకానిక్. రెండు కిడ్నీలూ పాడైపోతే మా అత్తయ్య తనది ఒకటి ఇచ్చింది. నాది ఇస్తానన్నాను గానీ సరిపోలేదు. ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. కొత్త కిడ్నీని ఒళ్ళు తరిమెయ్యకుండా మందులు ఇస్తారట. ఆ మందులతో రోగాల్ని ఎదుర్కునే శక్తి తగ్గిపోతుందట. మనకి మూడు రోజుల్లో పోయే జలుబు ఆయన్ని మళ్ళీ ఆస్పత్రిలో పడుకోబెట్టచ్చట. "ఇంట్లో రోజూ బయటికి వెళ్ళొచ్చేది ఎవరు?" అని అడిగింది. నేనేనన్నాను. ఏం పని అంది. చెప్పాను. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపి, "జాగ్రత్తమ్మా," అంది.

ఎందుకంటే మా పని మనుషుల మొహాలతో పని. బట్టల షాపులో అయితే మధ్యన బల్ల ఉంటుంది. మాకు అలా కుదరదు. ఫ్రేము ముక్కు మీద నిలుస్తోందా, కాడ చెవి వెనకాల ఒరుసుకుంటోందా చూడాలంటే మొహంలో మొహం పెట్టాలి. ఆ దూరంలో వాళ్ళు తుమ్మితే ఆ తుమ్ము నాదే. పైగా ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకునేవాళ్ళు ఆలోచనలో పడితే ఏం చేస్తారో తెలుసా? దాన్ని తీసి కాడ కొస నోట్లో పెట్టుకుంటారు. చదువుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ సేపు పెట్టుకుంటారు. నచ్చకపోతే ఆ తడి కాడతోనే ఫ్రేము తిరిగి నా చేతికి వస్తుంది. పదకొండేళ్ళుగా దాన్ని ఒక గుడ్డతో అలా తుడిచేసి మళ్ళీ అద్దాల అరలో పెట్టేస్తున్నాను. మరొకళ్ళు వచ్చి అదే పెట్టుకుని చూసుకుంటారు.

ఆ కిడ్నీ పోతే ఇవ్వడానికి మా ఇంట్లో ఇంకెవరి దగ్గరా లేదు. అందుకని సెలవు అయిపోయి షాపుకి బయల్దేరిన రోజు ఒకటే అనుకున్నాను. ఆ షాపు నుంచి నేను ఇంటికి నన్ను తప్ప ఇంకేమీ తీసుకురాకూడదు.

మొదటి రోజు మాస్కు పెట్టుకుని వెళ్ళాను. పెద్దాయన బల్ల వెనకాల నుంచుని నన్ను కింద నుంచి పైదాకా చూశారు. షాపు యజమాని ఆయనే గానీ వీధిలో అందరం ఆయన్ని పెద్దాయన అనే అంటాం. డెబ్బై దాటాయి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ షాపు ఒక్క రోజు కూడా తను లేకుండా నడవలేదని ఆయనకి గొప్ప.

"ఏంటమ్మాయ్ ఆ ముసుగు? నీకేదో రోగం ఉందనుకుంటారు."

"నాకు లేదు సార్. వాళ్ళకి ఉంటుందేమోనని."

"ఆ మాట మాత్రం పైకి అనకు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారు."

సరేనని పనిలో పడ్డాను. పది గంటలకి ఒకాయన తయారైన కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చాడు. పెట్టెలోంచి తీశాను. తీసి, అద్దాలు నోటి దగ్గర పెట్టుకుని, హా అన్నాను. అద్దం మీద ఆవిరి రాలేదు. ఇదేంటని మళ్ళీ హా అన్నాను. రాలేదు. మాస్కు అడ్డం ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా ఊపిరి నా మొహానికే వెచ్చగా తగిలింది.

చేతిలో కళ్ళజోడుతో అలాగే నిలబడిపోయాను. పదకొండేళ్ళు. రోజుకి తక్కువలో తక్కువ పదిమంది. ఒక్కొక్కళ్ళ అద్దాల మీదా నా నోటి ఆవిరి పట్టించి, తుడిచి, వాళ్ళ మొహానికి తగిలించాను. నాకు జలుబు చేసిన రోజులు లేవా? గొంతు మంటగా ఉన్న రోజులు లేవా? ఊరి రోగాలన్నీ నా మీద పడతాయని మాస్కు కట్టుకొచ్చిన దాన్ని, నేను ఊరికి ఏమేం పంచానో ఎవరికి తెలుసు! సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆయన మాత్రం ఏమీ తెలియక, "ఏమైందమ్మా, గీత పడిందా?" అని కంగారు పడ్డాడు.

ఈ అలవాటు నాకు నేర్పింది పెద్దాయనే. ఆయనది ఇంకా ఘనం. కళ్ళజోడు తయారయ్యాక ఎవరి చేతికీ ఇవ్వరు. కస్టమర్ని కుర్చీలో కూర్చోబెడతారు. ఒక్కో అద్దం మీదా రెండేసి సార్లు హా, హా అని, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడిచి, వెలుగుకి ఎత్తి చూసి, రెండు చేతులతో పట్టుకుని మొహాన పెడతారు. పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, "ఇప్పుడు చెప్పండి, లోకం ఎలా ఉంది?" అంటారు. జనం మురిసిపోతారు. ఈ మర్యాద కోసమే పక్క వీధిలో పెద్ద షాపు పెట్టినా మా దగ్గరికే వచ్చేవాళ్ళు బోలెడుమంది.

ఆ మర్యాద మీద చెయ్యి వెయ్యాలంటే ధైర్యం కావాలి. అందుకని ముందు మిగతావాటితో మొదలుపెట్టాను. బల్ల మీద రెండు పళ్ళేలు పెట్టాను. తెల్లదాంట్లో కడిగిన ఫ్రేములు, ఎర్రదాంట్లో పెట్టుకుని చూసినవి. ఎర్రపళ్ళెం నిండగానే వెనక గదిలోకి తీసుకెళ్ళి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టడం. షాపు తొమ్మిదింటికే తెరిచి అద్దాల బల్లలు, కుర్చీ చేతులు, తలుపు పిడి, అన్నీ తుడవడం. గుమ్మం పక్కన, బయట చూరు కింద ఒక బెంచీ వేయించాను. దాని పైన కాగితం అంటించాను. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళు ఇక్కడ కూర్చోండి, మేమే మీ దగ్గరికి వస్తాం అని. పెద్దాయన అది చదివి, పెన్ను తీసుకుని మొదట్లో ఒక దయచేసి, చివర్లో ఇంకో దయచేసి చేర్చారు. రెండు దయచేసిలతో ఆ కాగితం ఎవరో ప్రాణభిక్ష అడుగుతున్నట్టు తయారైంది.

ఆ బెంచీ మీద మొదట కూర్చోవాల్సి వచ్చింది రేడియోగారు. ఆవిడ అసలు పేరు బిల్లుపుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. ఒకసారి నోరు తెరిస్తే ఆపడానికి మీట ఉండదని ఆ పేరు వచ్చింది. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కార్చుకుంటూ తిన్నగా లోపలికి వచ్చేస్తోంది.

"అమ్మా, ఒక్క నిమిషం. జలుబుగా ఉన్నట్టుంది, బయట బెంచీ మీద కూర్చోండి. ఫ్రేములు, అద్దం అన్నీ అక్కడికే తెస్తాను."

"నన్నా? బయటా?"

"బయటంటే బయట కాదమ్మా, గుమ్మం పక్కనే. గాలి ఆడుతుంది."

"ఇరవై ఏళ్ళ నుంచి వస్తున్నాను ఈ షాపుకి. నాకు జలుబైతే నువ్వు నన్ను వీధిలో కూర్చోబెడతావా? నేనేమన్నా కుక్కపిల్లనా?" అంటూ ఆ మాటలతో పాటు మూడుసార్లు తుమ్మింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అది చూసి ఆవిడకి ఒళ్ళు మండింది.

మామూలుగా అయితే నేనూ ఒక మాట అనేసేదాన్నే. నాలుక కొసదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ మొహంలో కోపం కన్నా అవమానం ఎక్కువ కనిపించింది. జబ్బుగా ఉన్న మనిషిని దూరం జరగమంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. అందుకని మొత్తం చెప్పేశాను. మా ఆయన సంగతి, అత్తయ్య ఇచ్చిన కిడ్నీ సంగతి, డాక్టరమ్మ అన్న మాట. ఆవిడ వినీ వినగానే బెంచీ మీద కూర్చుంది. పావుగంట కూర్చుని, నాలుగు ఫ్రేములు పెట్టుకుని చూసి, ఒకటి ఎంచుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళి ఊరికే ఉంటుందా? రెండు రోజుల్లో మా వీధి మొత్తానికి మా ఇంటి సంగతి తెలిసిపోయింది. కోపంగా చెప్పిందో జాలిగా చెప్పిందో గానీ ఫలితం మాత్రం నాకు అనుకూలంగానే వచ్చింది. దగ్గుతో వచ్చినవాళ్ళు నేను చెప్పకుండానే బెంచీ మీద కూర్చుని, లోపలికి చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. ఒకాయన అయితే, "అమ్మా, నాకు రాత్రి ఒక్కసారే దగ్గు వచ్చింది, లోపలికి రావచ్చా, లేకపోతే బెంచీయా?" అని గుమ్మంలో నిలబడి అడిగాడు. రేడియోగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇక మిగిలింది పెద్దాయన ఊపిరి. ఒక చిన్న పిచికారీ సీసాలో అద్దాలు తుడిచే మందు పోసి ఆయన ముందు పెట్టాను.

"ఇదెందుకు?"

"అద్దాల మీద ఊదే బదులు సార్."

"అది ఊదడం కాదమ్మాయ్. మర్యాద."

"మర్యాదే సార్. కాదనట్లేదు. కానీ అది నోట్లోంచి వస్తోంది."

"ముప్పై ఎనిమిదేళ్ళు! ఒక్కరంటే ఒక్కరు మీ షాపుకొచ్చి నాకు రోగం వచ్చిందని వెనక్కి వచ్చారా?"

"రోగం ఎక్కడి నుంచి వచ్చిందో దాని మీద రాసి ఉంటుందా సార్?"

ఆయన మొహం చిన్నబోయింది. రెండు రోజులు నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. మూడో రోజు నుంచి కొత్త ఎత్తు వేశారు. కళ్ళజోడు ఇచ్చే సమయానికి, "అమ్మాయ్, లోపల్నుంచి నీలం డబ్బా ఒకటి పట్టుకురా," అనేవారు. నేను వెనక గదిలోకి అడుగుపెట్టగానే బయట హా, హా అని వినిపించేది. నేను డబ్బాతో వచ్చేసరికి గుడ్డతో అమాయకంగా తుడుస్తూ ఉండేవారు. సీసాలో మందు ఒక్క చుక్క తగ్గలేదు. ఒంట్లో ఆరోగ్యం ఉన్నన్నాళ్ళు ఊదనీలే అని ఊరుకున్నాను. అది నా తప్పే.

ఇంట్లో నా పద్ధతి ఇంకా గట్టిది. రాగానే చెప్పులు మెట్ల దగ్గరే. అక్కడి నుంచి తిన్నగా స్నానాలగది. బట్టలు విడిగా బకెట్లో. ఆ తర్వాత కూడా మా ఆయన గది గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని, మాస్కు పెట్టుకుని మాట్లాడేదాన్ని. పడుకోవడం ముందు గదిలో. ఐదు నెలలైంది. డాక్టరమ్మ అంత దూరం పెట్టమనలేదు. మాస్కు పెట్టుకుని కాసేపు బయట తిరగచ్చని కూడా రెండు నెలల కిందటే చెప్పింది. ఆ దూరం నేను పెట్టింది. మా ఆయన కిటికీలోంచి ఎదుటి బిల్డింగు అద్దాల లిఫ్టు ఎన్నిసార్లు ఎక్కిందీ, ఎన్నిసార్లు దిగిందీ లెక్కపెట్టి నాకు చెప్పేవాడు. "మూడో అంతస్తులో కుదుపుతో ఆగుతోంది. ఎవరూ పట్టించుకోవట్లేదు," అని బాధపడేవాడు.

ఒకరోజు పొద్దున్న తొమ్మిదిన్నరకి బల్లలు తుడుస్తున్నాను. పెద్దాయన వస్తూ కనిపించారు. నడక తేడాగా ఉంది. మెడకి తువ్వాలు చుట్టుకున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను గుడ్డ పక్కన పడేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

"జ్వరం సార్ మీకు."

"జ్వరం లేదు గిరం లేదు. గొంతు కొద్దిగా పట్టింది." ఆ మాట పూర్తి చెయ్యడానికి రెండుసార్లు దగ్గారు.

"అయితే ఇంటికి వెళ్ళండి."

"పన్నెండు మంది వస్తారు ఇవాళ, తయారైనవి తీసుకోవడానికి. తప్పుకో."

"నేనిచ్చేస్తాను. తప్పుకోను."

"అమ్మాయ్, ఇది నా షాపు."

"మీదే సార్. తాళాలు మీవి, బల్లలు మీవి, నేను కూర్చునే కుర్చీ కూడా మీదే. ఇవాళ మాత్రం మీరు లోపలికి రావడానికి వీల్లేదు."

ఆయనకి ఇంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "ఉద్యోగంలోంచి తీసేస్తాను నిన్ను!"

"తీసెయ్యండి. ఇంటికి వెళ్ళి ఫోన్లో తీసెయ్యండి. అప్పటిదాకా ఈ గుమ్మంలోంచి కదలను."

ఆ ఉద్యోగం పోతే మా పరిస్థితి ఏంటో నాకు తెలుసు. అయినా ఆయన దగ్గిన దగ్గు నా చెవుల్లో ఉంది. అది లోపలికి వస్తే వచ్చే పన్నెండు మంది మొహాలకీ అంటుతుంది, నాకు అంటుతుంది, నా వెనకే మెట్లెక్కి మా ఇంటికి వస్తుంది. తలుపు చట్రం రెండు వైపులా గట్టిగా పట్టుకున్నాను.

పెద్దాయన వెళ్ళి గుమ్మం పక్క బెంచీ మీద కూలబడ్డారు. ఆ కాగితం కిందే. కోపం దిగిపోయింది. గొంతు చిన్నదైపోయింది.

"ఇంటికెళ్ళి ఏం చెయ్యనమ్మా? మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో జ్వరమొస్తే ఎలా ఉందని అడిగేవాళ్ళు లేరు. ఇక్కడికొస్తే ఏంటండీ నీరసంగా ఉన్నారని నలుగురైనా అడుగుతారు. ఆ నాలుగు మాటలకే తగ్గిపోతుంది నాకు. ఎప్పుడూ అంతే. అందుకే ఒక్క రోజు మానలేదు నేను."

ముప్పై ఎనిమిదేళ్ళ గొప్ప వెనక అసలు సంగతి అదా అనుకున్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ షాపు మీద ప్రేమతో వచ్చారేమో, పోయాక మాత్రం వేరే దిక్కు లేక వచ్చారు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. నుదుటి మీద చెయ్యి వేసి చూడాలనిపించింది. నాన్న వయసు మనిషి. ఒక్క అడుగు కూడా వెయ్యలేదు నేను. వెయ్యకూడదని తెలిసి నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

అప్పుడే నాకు మా ఆయన గుర్తొచ్చాడు. జబ్బుతో ఒంటరిగా ఇంట్లో కూర్చోవడం అనే పని నాకు తెలిసినవాళ్ళలో ఆయనంత బాగా వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడి నుంచే ఫోన్ చేశాను. రెండు ముక్కల్లో చెప్పాను.

"నంబరు పంపించు," అన్నాడు.

"సార్," అన్నాను పెద్దాయనతో, "ఆటో పిలిచాను. పక్కల పట్టాలు ఉంటే పైకెత్తించి, మాస్కు పెట్టుకుని కూర్చోండి. దార్లోనే మీ డాక్టరుకి చూపించుకోండి. ఇంటికి వెళ్ళాక మా ఆయన ఫోన్ చేస్తాడు. ఎత్తండి."

"ఆయనకే బాగాలేదు కదమ్మా."

"అందుకే ఆయనకి తెలుసు."

ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. బెంచీని సబ్బునీళ్ళతో కడిగి, షాపు తెరిచి, వచ్చిన పన్నెండు మందికీ నేనే కళ్ళజోళ్ళు ఇచ్చాను. అందరూ పెద్దాయన ఏరీ అని అడిగారు. జ్వరం, ఇంటి దగ్గర ఉన్నారు, ఒకసారి ఫోన్ చేసి పలకరించండి అని అందరికీ చెప్పాను. రేడియోగారికైతే ప్రత్యేకంగా చెప్పాను.

ఆ తర్వాత ఐదు రోజులు నాకు తల ప్రాణం తోకకొచ్చింది. గుమ్మంలో ఆయనతో వాదించినంత సేపూ మాస్కు ఉంది, దూరం ఉంది. అయినా గుటక వేసినప్పుడల్లా గొంతు పట్టిందేమోనని అనుమానం. పొద్దున్నా సాయంత్రం థర్మామీటరు. మూడో రోజు మా ఇంటి మెట్ల మీద ఒక తుమ్ము వచ్చింది. అంతే, పైకి వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాను. "నేను రాను, మా పిన్ని ఇంటికి పోతాను," అని కింద నుంచి అరిచాను. అత్తయ్య పైనుంచి తొంగి చూసి, "ఆ మెట్ల మీద చీపురు ఇప్పుడే వేశానే, దుమ్ముకి నాకూ వచ్చింది రెండు తుమ్ములు. రా పైకి!" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా ఒక గంట కూర్చుని, గొంతు బాగానే ఉందని ఖాయం చేసుకుని వెళ్ళాను.

వెళ్ళేసరికి మా ఆయన లోపల గదిలో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. "లేదు సార్, ఆ మాట కుదరదు. పదకొండింటికి మాత్ర వేసుకున్నారా లేదా? నీళ్ళెన్ని తాగారు? గ్లాసుల్లో చెప్పండి. కిటికీ తెరిచారా? తెరిచాక కూర్చోండి, అక్కడి నుంచి ఏం కనిపిస్తోందో నాకు చెప్పండి." ఆస్పత్రిలో తన చేత నర్సులు చేయించినవన్నీ ఆయన చేత చేయిస్తున్నాడు. అత్తయ్య రోజూ క్యారేజీ తీసుకెళ్ళి పెద్దాయన గేటుకి తగిలించి, బెల్లు కొట్టి వచ్చేసేది. ఐదు నెలల్లో మొదటిసారి మా ఆయన ఇంకొకరి సంగతి చూస్తున్నాడు. గొంతులో లిఫ్టుల దగ్గర కుర్రాళ్ళని అదిలించేనాటి బలం వచ్చేసింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఎనిమిదో రోజు పెద్దాయన వచ్చారు. చిక్కిపోయారు గానీ కళ్ళు తేటగా ఉన్నాయి. గుమ్మం బయట ఆగి, తన షాపులోకి తను, "రావచ్చా అమ్మాయ్?" అని అడిగారు.

"జ్వరం పోయి ఎన్నాళ్ళైంది సార్?"

"మూడు రోజులు. దగ్గు కూడా లేదు. మీ ఆయన నిన్న సెలవిచ్చాడు."

రండి సార్ అన్నాను. నన్ను ఉద్యోగంలోంచి తీసే సంగతి ఇద్దరం ఎత్తలేదు. కాసేపటికి ఒకావిడ కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చింది. ఆయన పెట్టెలోంచి తీశారు. నోరు తెరిచారు. నా వైపు చూశారు. నోరు మూసుకుని సీసా అందుకున్నారు. అలవాటు లేని చెయ్యి కదా, మొక్కకి నీళ్ళు పోసినట్టు కొట్టేశారు. ఎంత తుడిచినా చుక్కలు కారుతూనే ఉన్నాయి. అలాగే రెండు చేతులతో ఆవిడ మొహాన పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, లోకం ఎలా ఉందని అడిగారు. "తడిగా ఉందండీ," అంది ఆవిడ. ముగ్గురం నవ్వాం.

ఆవిడ వెళ్ళాక ఆయన నన్ను పిలిచారు.

"మీ ఆయనకి కళ్ళజోడు ఎప్పుడు చేశాం?"

"ఆపరేషన్‌కి రెండేళ్ళ ముందు సార్."

"మందు అట్ట మీద అక్షరాలు ఆనట్లేదు అతనికి. ఫోన్లో తన మందు పేరు చదివి చెప్పమంటే వాళ్ళమ్మని పిలిచాడు. అతను వాడే మందులతో చూపు మారుతుంది. అద్దాల నంబరు మళ్ళీ చూడాలి. తీసుకురా."

మా ఆయన రోజుకి పద్నాలుగు మాత్రలు వేసుకుంటాడు. అక్షరాలు ఆనట్లేదని నాకెప్పుడూ చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ పంపనని తెలుసు కాబట్టి చెప్పలేదు.

"వద్దు సార్. ఇక్కడికి వద్దు. ఇంతమంది వచ్చే చోటికి."

"సెలవు రోజున తీసుకురా. ఆ ముందు సాయంత్రం నేను మొత్తం కడిగిస్తాను. రాత్రంతా వెనక కిటికీలు తెరిచే ఉంచుతాను. కస్టమర్లు ఉండరు. నేను కూడా ఉండను. నువ్వే చూడు."

"ఆయన్ని బయటికి తీసుకురావడం అంటే..."

"అమ్మాయ్," అన్నారు పెద్దాయన, "నన్ను నా షాపులోకి రానివ్వకుండా నిలబెట్టిన దానివి. మీ ఆయన్ని మీ ఇంట్లోంచి బయటికి తీసుకురాలేవా?"

ఆ రోజు గుమ్మంలో నిలబడినప్పుడు నాకున్నది పట్టుదల. ఇంట్లో ఐదు నెలలుగా చేస్తున్నది మాత్రం భయం. రెండూ నాకు ఒకేలా కనిపించాయి ఇన్నాళ్ళూ. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "నేను ఎప్పుడో వెళ్ళమన్నాను కదమ్మా," అంది. కళ్ళ డాక్టరుకి కూడా చూపించాలని తేదీ ఇచ్చి, ఈలోగా చదువుకోవడానికి కళ్ళజోడు చేయించమంది.

సెలవు రోజు పొద్దున్న ఇద్దరం మాస్కులు పెట్టుకుని నడిచి వెళ్ళాం. పది నిమిషాల దారికి అరగంట పట్టింది. మా ఆయన ప్రతి బిల్డింగు దగ్గరా ఆగి లోపలికి తొంగి చూస్తాడు. కొత్తగా వేసిన రోడ్డుని చెప్పుతో నొక్కి చూశాడు. "ఎండ," అన్నాడు ఒకచోట, అంతే.

షాపు నిజంగానే మెరిసిపోతోంది. కుర్చీలో కూర్చోబెట్టాను. చేతులు కడుక్కున్నాను. అక్షరాల పట్టీ చదివించి, అద్దాలు మార్చి మార్చి నంబరు చూశాను. బాగానే మారింది. ఇక కంటిపాపల మధ్య దూరం కొలవాలి. అది తెలియకపోతే అద్దాలు సరిగ్గా కూర్చోవు. స్కేలు తీసుకుని ఆయన ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాను. ముక్కు మీద స్కేలు ఆనించాను. ఐదు నెలల తర్వాత ఆయన మొహం నా ముందు అంత దగ్గరగా ఉంది. కనుబొమల్లో రెండు తెల్ల వెంట్రుకలు వచ్చాయి. నాకు తెలియదు.

"నా ఎడమ కంట్లోకి చూడండి," అన్నాను, అందరితో అన్నట్టే.

చూశాడు.

"ఇప్పుడు కుడి కంట్లోకి."

అరవై నాలుగు వచ్చింది. సరిచూసుకుందామని మళ్ళీ కొలిచాను. అరవై ఒకటి. రెండు నిమిషాల్లో మనిషి కళ్ళు మూడు మిల్లీమీటర్లు దగ్గరికి జరగవు కదా.

"ఏడిస్తే స్కేలు మీద గీతలు కనిపిస్తాయా?" అన్నాడు.

"కనిపించవు."

"మరి ఎందుకేడుస్తున్నావు?"

"ఒక్క నిమిషం ఊరుకుంటారా!" అని కసిరాను.

మాస్కు పైనుంచి కళ్ళు తుడుచుకున్నాను. తుడుచుకున్నాను కాబట్టి వెనక గదిలోకి వెళ్ళి మళ్ళీ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాను. ఆయన కదలకుండా, చెప్పినట్టే తిన్నగా చూస్తూ కూర్చున్నాడు. మూడోసారి అరవై మూడు వచ్చింది. నాలుగోసారి కూడా అంతే వచ్చింది. చీటీ మీద రాసి, కింద నా సంతకం పెట్టాను.